ఊరి ఓటు: చేయెత్తడం నుంచి సెల్‌ఫోన్ దాకా

పంచాయతీ ఎన్నికల రోజున ఓటరు చేతికి రెండు కాగితాలు వస్తాయి. గులాబీ రంగుది సర్పంచికి, తెల్లది వార్డు సభ్యుడికి. రెంటి మీదా అభ్యర్థుల పేర్లు ఉండవు, గుర్తులే ఉంటాయి. తెలంగాణ పల్లెల్లో అయితే సర్పంచి కాగితం మీద మొదట ఉంగరం, ఆ తర్వాత కత్తెర. వార్డు కాగితం మీద గౌను, గ్యాస్ పొయ్యి. ఓటరు అట్టల మరుగుకు వెళ్లి, స్వస్తిక్ ముద్రను సిరాలో అద్ది, నచ్చిన గుర్తు మీద వేసి, కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికి వస్తుంది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాల్లో ఆమె ఏం చేసిందో ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. చేసింది మాత్రం సాయంత్రానికి లెక్కలోకి రావాలి.

ఈ పని చేయించడానికి మన దగ్గరా బయటా ఎన్నో పద్ధతులు వచ్చాయి. చేతులెత్తడం, రంగు పెట్టెలు, ముద్ర, అంకెలు వేయడం, మీట నొక్కడం, తపాలా, చివరికి సెల్‌ఫోన్. పోలింగ్ శాతం తగ్గినప్పుడల్లా, బ్యాలెట్ మీదో యంత్రం మీదో అనుమానం వచ్చినప్పుడల్లా వీటిలో ఏది మేలన్న చర్చ లేస్తుంది. ఆ చర్చ ఎక్కువగా శాసనసభ, లోక్‌సభ ఎన్నికల చుట్టూ తిరిగి ఆగిపోతుంది. స్థానిక ఎన్నిక లెక్క వేరు. శాసనసభకు పోటీ చేసేవాడికి ఓటరు పేరు తెలియదు. వార్డుకు నిలబడ్డవాడికి తెలుసు. అతను ఎదురింటి బాబాయి కావచ్చు, పొలం గట్టు పంచుకున్నవాడు కావచ్చు, నిరుడు అప్పిచ్చినవాడు కావచ్చు. కాబట్టి ఇక్కడ ఏ పద్ధతినైనా ముందు గుట్టు అనే గీటురాయి మీద రుద్ది చూడాలి. ఓడినవాడు ఫలితాన్ని నమ్మగలడా అన్నది రెండో పరీక్ష. రాలేనివాళ్లకు ఓటు అందుతుందా అన్నది మూడోది. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి.

చేతులెత్తే ఎన్నిక

అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ చట్టంలో నిలిచి ఉన్నది చేయెత్తడమే. సర్పంచి ఫలితం తేలిన వెంటనే గెలిచిన వార్డు సభ్యులు సమావేశమై ఉపసర్పంచిని ఎన్నుకునేది ఇలాగే. మండల పరిషత్ అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్లు, మున్సిపల్ చైర్‌పర్సన్లు, మేయర్ల ఎన్నిక కూడా ఇదే తీరు. సాగునీటి సంఘాల్లో, బడి యాజమాన్య కమిటీల్లో కూడా ఈ పద్ధతి మనకు అలవాటే. స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్, అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ ప్రాంతాల్లో ఓటర్లంతా ఏటా ఆరుబయట చేరి చేతులెత్తి నిర్ణయాలు చేస్తారు.

సభ్యుల ఓటు బాహాటంగా ఉండటానికి ఒక న్యాయం ఉంది. వార్డు ప్రజలు తమ ప్రతినిధి ఎటు మొగ్గాడో తెలుసుకోవాలి, పార్టీ విప్ ధిక్కరిస్తే కనపడాలి. ప్రతినిధి జవాబుదారీ కనుక అతని ఓటుకు గుట్టు అక్కర్లేదు. అదే పద్ధతిని సామాన్య ఓటరు దాకా తెస్తే కథ మారిపోతుంది. కూలికి పిలిచే రైతు ఎదురుగా కూలీ చేయెత్తాలి. బడి కమిటీ ఎన్నికలో సైతం ఎవరి చేయి ఎప్పుడు లేచిందో చూసుకుని మెల్లగా లేచే చేతులుంటాయి. సంఘం చిన్నదైనకొద్దీ చేయెత్తడం తేలికని మనం అనుకుంటాం. నిజానికి సంఘం చిన్నదైనకొద్దీ చేయెత్తడం బరువు.

ప్రజలు నేరుగా ఎన్నుకునే పదవులను సభ్యుల చేతులెత్తే ఎన్నికకు మార్చడం కూడా పద్ధతుల చర్చలో భాగమే. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 2002లో హైదరాబాద్ మేయర్‌నూ అలాగే ఎన్నుకున్నారు. తర్వాత ఈ పదవులు సభ్యుల చేతికి వెళ్లాయి. దాంతోపాటు ఎన్నికకు ముందు సభ్యులను బస్సులెక్కించి శిబిరాలకు తరలించే అలవాటూ వచ్చింది. ఓటు వేసేవాళ్లు వేలమంది నుంచి పదుల మందికి తగ్గితే వాళ్లను కాపలా కాయడం సులువవుతుంది.

పెట్టె నుంచి ముద్రకు

1937లో మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో రంగు పెట్టెలు వాడారు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. చదువు రానివాడికి రంగు చాలు, కాగితం దాంట్లో వేస్తే సరి. స్వాతంత్ర్యం వచ్చాక 1951–52 సాధారణ ఎన్నికల్లోనూ అభ్యర్థికో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు కాగితం మీద ఏ గీతా గీయకుండా తనకు నచ్చిన పెట్టెలో వేయాలి.

చదువు రాని దేశానికి అది గొప్ప ఏర్పాటే. కానీ లొసుగు కూడా అందులోనే ఉంది. ఏ గుర్తూ లేని కాగితాన్ని మరుగులో జేబులో పెట్టుకుని బయటికి తెచ్చి అమ్ముకోవచ్చు, కొన్నవాడు తన మనిషి చేత పది కాగితాలు ఒకేసారి వేయించవచ్చు. అభ్యర్థులు పెరిగితే పెట్టెలూ పెరగాలి. 1962 సాధారణ ఎన్నికల నాటికి దేశమంతా ఒకే పెట్టె, ఒకే కాగితం, దాని మీద ముద్ర అనే పద్ధతికి మారింది. ఎంపిక పెట్టెలోంచి కాగితం మీదికి వచ్చింది. వేలిమీద చెరగని సిరా దీనికి తోడయింది.

పంచాయతీ కాగితం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. 243కె అధికరణ కింద స్థానిక ఎన్నికల బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది, ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘానిది కాదు. అందుకే పద్ధతులు రాష్ట్రానికో తీరుగా కనిపిస్తాయి.

మన పంచాయతీ బ్యాలెట్ మీద పేర్లు లేకపోవడానికి కారణం ఆచరణలో ఉంది. ఉపసంహరణలు ముగిశాక పోలింగ్‌కు మిగిలేది కొద్ది రోజులే. వేల పంచాయతీలు, ఒక్క తెలంగాణలోనే లక్షకు పైగా వార్డులు. ప్రతి వార్డుకూ పేర్లతో కాగితం అచ్చు వేయడం అయ్యే పని కాదు. అందుకని ఇద్దరు పోటీలో ఉంటే ఈ కాగితం, ముగ్గురుంటే ఆ కాగితం అని గుర్తులతో ముందే అచ్చు వేసి ఉంచుతారు. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పేర్చి, ఆ వరుసలోనే గుర్తులు కేటాయిస్తారు. ఇవి పార్టీ గుర్తులు కావు. పంచాయతీ ఎన్నిక పార్టీరహితమని చట్టం చెబుతోంది. మండల, జిల్లా పరిషత్తులకు వచ్చేసరికి పార్టీ గుర్తులు వస్తాయి. అక్కడ ఎంపీటీసీకి గులాబీ, జడ్పీటీసీకి తెలుపు.

కాగితం మడవడంలో కూడా ఓ వివేకం ఉంది. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అలా మడిస్తే తడి సిరా మరో గుర్తు మీద అంటుకోదు. ఈ మాట చెప్పేవాళ్లు లేక తొందరపడి అడ్డంగా మడిచిన ఓట్లు లెక్కింపు బల్ల మీద తగవులవుతాయి. ముద్ర బదులు వేలిముద్ర వేస్తే, సంతకం పెడితే ఓటు చెల్లదు. ఓటరెవరో పట్టిచ్చే ఆనవాలు కాగితం మీద ఉండకూడదన్నదే నియమం. సర్పంచి ఎన్నికలో ఒకటి రెండు ఓట్ల తేడాతో గెలిచినవాళ్లు ప్రతిసారీ ఉంటారు. అలాంటి చోట ప్రతి చెల్లని ఓటూ ఫలితాన్ని తిప్పగలదు.

తెలంగాణలో పంచాయతీ పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా, లెక్కింపు 2 గంటల నుంచి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లోనూ పోలింగ్ రోజు సాయంత్రమే లెక్కించారు. పెట్టె ఊరు దాటి పోదు. పొద్దున పెట్టెకు సీలు వేయడం చూసిన ఏజెంటే దాన్ని విప్పడమూ చూస్తాడు. కట్టకు 25 చొప్పున కాగితాలు కట్టడం కళ్లారా చూస్తాడు. ఓడినవాడు నమ్మడానికి ఇంతకన్నా పెద్ద ఆధారం లేదు.

సభ్యులే ఓటర్లయ్యే ఎన్నిక ఇంకొకటుంది. స్థానిక సంస్థల నియోజకవర్గం నుంచి శాసనమండలికి పంపేది ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లే. ఇక్కడ ముద్ర ఉండదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు పెన్నుతోనే ప్రాధాన్య క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. అక్షరాల్లో రాస్తే చెల్లదు. ఇలాగే అంకెలు వేసే పట్టభద్రుల ఎన్నికలో, 2021లో తెలంగాణలోని రెండు నియోజకవర్గాల్లోనూ ఒక్కోచోట ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. డిగ్రీ ఉన్నవాళ్లే అంతమంది తడబడ్డారంటే లోపాన్ని ఓటరు చదువులో వెతకడం తప్పు. ఎన్నికకో పద్ధతి పెట్టి, నేర్పకుండా వదిలేయడంలో వెతకాలి.

మీట నొక్కితే

మన దేశంలో ఓటింగ్ యంత్రం మొదట వాడింది 1982లో కేరళలోని పరవూరులో, 50 బూతుల్లో. చట్టంలో చోటు లేదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ను కొట్టివేసింది. 1988లో చట్టం సవరించాకే యంత్రానికి దారి దొరికింది. ఈ యంత్రాలను తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

చెల్లని ఓటు అన్న సమస్యను యంత్రం దాదాపు తుడిచేసింది. సిరా అంటుకోవడం, రెండు గుర్తుల మధ్య ముద్ర పడటం ఇక లేవు. అయితే స్థానిక ఎన్నికల్లో దీనికో చిక్కుంది. ఒకే ఓటరు ఒకే రోజు రెండు మూడు పదవులకు ఓటేయాలి. కేరళలో గ్రామ, బ్లాక్, జిల్లా పంచాయతీలు మూడింటికీ మూడు బ్యాలెట్ యూనిట్లను ఒకే కంట్రోల్ యూనిట్‌కు తగిలించే యంత్రాన్ని వాడుతున్నారు. మన దగ్గర వార్డు వార్డుకూ పోలింగ్ కేంద్రం పెట్టాలి కనుక, నూటయాభై రెండువందల ఓట్ల కోసం ఒక్కో యంత్రం కావాలి. ఆ ఖర్చు, ఆ తరలింపు చూస్తే పల్లెకు కాగితమే తూగుతుంది.

పట్టణాల్లో మాత్రం మనం ముందుకూ వెనక్కూ నడిచాం. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌కు 2009లో, 2016లో యంత్రాలే. 2014 మార్చి మున్సిపల్ ఎన్నికల్లోనూ అవే. తెలంగాణలో 2020 జనవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో మున్సిపల్ ఎన్నికలకు మళ్లీ కాగితం వచ్చింది.

2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్‌లోని 150 డివిజన్లకు జరిగిన పోలింగ్ కాగితం బలాన్ని, బలహీనతను రెంటినీ చూపింది. ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద ఒక పార్టీ గుర్తు బదులు ఇంకో పార్టీ గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపి, 3న రీపోలింగ్ జరిపారు. కొన్ని కేంద్రాల్లో ఓటర్లకు స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర అందించారు. అలాంటి ఓట్లు చెల్లుతాయని ఎన్నికల సంఘం చెప్పడం, అది హైకోర్టుకు వెళ్లడం, నేరేడ్‌మెట్ డివిజన్ ఫలితం కొన్ని రోజులు నిలిచిపోవడం చూశాం. సిబ్బంది చేసిన పొరపాటుకు ఓటరు నష్టపోవాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ తప్పు కాగితం మీద కళ్లకు కనపడింది కనుకనే దాని మీద వాదన జరిగింది, దాన్ని సరిదిద్దే వీలు కలిగింది.

రాలేనివాళ్ల ఓటు

ఊళ్లో ఎన్నిక నడిపే ఉపాధ్యాయుడు తన ఊళ్లో ఓటు వేయలేడు. అతనికి పోస్టల్ బ్యాలెట్ ఉంది. 2020 గ్రేటర్ ఎన్నికల్లో 80 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు, కోవిడ్ రోగులకు కూడా ఆ వీలు ఇచ్చారు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో ఇప్పుడు 85 దాటినవారి ఇంటికే అధికారులు వెళ్లి ఓటు తీసుకుంటున్నారు. స్థానిక ఎన్నికల్లో మంచం పట్టిన ముసలమ్మను కుర్చీలో మోసుకొచ్చే దృశ్యమే ఇంకా మామూలు.

పోస్టల్ ఓటుకు ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడని ఇబ్బంది ఒకటి ఉంది. నూటయాభై ఓట్ల వార్డులో వచ్చే పోస్టల్ ఓటు ఒకటో రెండో. ఆ కవరు విప్పి విడిగా లెక్కిస్తే ఆ టీచరు ఓటు ఎవరికి పడిందో బల్ల చుట్టూ నిలబడ్డ ఏజెంట్లందరికీ తెలిసిపోతుంది. పెద్ద నియోజకవర్గంలో తపాలా కవరు గుట్టును కాపాడుతుంది. చిన్న వార్డులో అదే బయటపెడుతుంది.

వలస వెళ్లినవాళ్లది ఇంకా పెద్ద లెక్క. పాలమూరు కూలీ ముంబయిలో ఉంటాడు, శ్రీకాకుళం మనిషి చెన్నైలో, జగిత్యాల మనిషి దుబాయిలో. ఓటు ఊళ్లో. 2010 చట్ట సవరణ విదేశాల్లోని భారతీయులకు ఓటు హక్కు ఇచ్చింది కానీ ఓటు వేయాలంటే ఊరికి రావాల్సిందే. హైదరాబాద్ నుంచి ఊరి ఎన్నికకు వచ్చేవాళ్లకు బస్సు చార్జీలు అభ్యర్థులే పెట్టుకోవడం ఈ ఖాళీలోంచి పుట్టిన అలవాటు. బస్సు పెట్టించినవాడు ఆ ఓటు తనదేనని అనుకుంటాడు, ఎక్కినవాడు కూడా ఎంతోకొంత అలాగే అనుకుంటాడు. కేంద్ర ఎన్నికల సంఘం ఒకే చోట 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోగల దూర ఓటింగ్ యంత్రాన్ని 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది, అది ముందుకు సాగలేదు.

ఫోన్‌లో ఓటు

2021 అక్టోబరు 20న ఖమ్మంలో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం సెల్‌ఫోన్ ద్వారా ఓటు వేయించి చూసింది. అది నమూనా ఎన్నికే. ముందే యాప్‌లో నమోదు చేసుకుని, ఆధార్, ముఖం పోల్చి చూశాక ఓటు వేసే ఏర్పాటు. గుజరాత్ 2010లోనే నగరపాలక ఎన్నికల్లో ఆన్‌లైన్ ఓటు పెట్టింది. బిహార్‌లో 2025 జూన్ 28న కొన్ని పురపాలక స్థానాల్లో ముందుగా నమోదైనవాళ్లు నిజమైన ఎన్నికలోనే ఫోన్‌లో ఓటు వేశారు. ఎస్టోనియాలో ఇది 2005 స్థానిక ఎన్నికలతో మొదలై, 2023 పార్లమెంటు ఎన్నికల నాటికి సగానికి పైగా ఓట్లు ఇంటర్నెట్‌లోనే పడే స్థితికి వచ్చింది.

ఎస్టోనియా అనుభవంలో మనకు పనికొచ్చేది సాంకేతికత కన్నా ఒక చిన్న నిబంధన. అక్కడ ఆన్‌లైన్ ఓటును ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరి ఓటే లెక్క. పోలింగ్ రోజు కేంద్రానికి వెళ్లి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దవుతుంది. ఎవరో పక్కన నిలబడి ఓటు వేయించినా, తర్వాత మనసుకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఇంటి ఓటులోని అసలు ప్రమాదాన్ని వాళ్లు గుర్తించారు.

మన ఊళ్లో ఆ ప్రమాదం మరీ పెద్దది. పోలింగ్ కేంద్రంలోని అట్టల మరుగుకు భర్త రాలేడు, ఆసామి రాలేడు, డబ్బు పంచినవాడు రాలేడు. సెల్‌ఫోన్‌ను బూతులోకి రానివ్వకపోవడం కూడా ఇందుకే, ఓటేసిన కాగితం ఫొటో తీసి చూపితే డబ్బుకు రసీదు ఇచ్చినట్టే. ఆ ఫోనే బూతు అయితే మరుగు అన్నది ఎక్కడుంటుంది? ఇంటికి ఒకటే ఫోన్ ఉన్నచోట అది ఎవరి చేతిలో ఉంటుంది? ముఖం పోల్చే యాప్ ఓటు వేస్తున్నది ఎవరో చెబుతుంది. పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పదు.

ఓటే అక్కర్లేని ఎన్నిక

పద్ధతుల సమీక్షలో ఏకగ్రీవాన్ని వదిలేయలేం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. పగలు లేకుండా, ఖర్చు లేకుండా ఊరంతా ఒక మనిషిని ఒప్పుకుంటే అంతకన్నా మేలేముంది? అలాంటి ఊళ్లు నిజంగానే ఉన్నాయి. గుడి దగ్గర కూర్చుని సర్పంచి పదవికి వేలం పాడే ఊళ్లూ ఉన్నాయి. కాగితం మీద రెండూ ఏకగ్రీవాలే. తేడా తెలిసే మార్గం ఒకటే: ఒక్క అభ్యర్థే ఉన్నా నోటా ఎదురుగా పెట్టి ఓటు వేయించడం. సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పుతో నోటా వచ్చింది, పంచాయతీ కాగితం మీదికీ చేరింది. ఒక్కరే మిగిలినప్పుడు మాత్రం పోలింగే ఉండదు కనుక, నోటా బాగా అవసరమైన చోటే అది ఓటరుకు దొరకడం లేదు.

గుజరాత్ ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టింది. స్థానిక ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, 2015లో హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. ఓటరును దండించి రప్పించే ముందు ఆమె రాలేకపోవడానికి కారణాలు తీసేయాలి.

ఏది నిలబెట్టాలి, ఏది మార్చాలి

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పల్లెకు కాగితం, ముద్ర, అదే రోజు అదే ఊళ్లో లెక్కింపు అన్న పద్ధతిని కదిలించనవసరం లేదనిపిస్తుంది. గుట్టు, నమ్మకం రెంటిలోనూ దానికి సాటి వచ్చే పద్ధతి ఇంకా రాలేదు. అది ఓడిపోతున్నది అందుబాటులోనే. మార్పులన్నీ అక్కడ జరగాలి.

మంచం పట్టినవారికి, దివ్యాంగులకు ఇంటి ఓటును స్థానిక ఎన్నికలకూ తేవాలి. ఇద్దరు అధికారులు, కోరుకున్న అభ్యర్థుల ఏజెంట్లు గుమ్మం బయట, ఓటరు గదిలో ఒంటరిగా. వలస కూలీలకు, రోగులను చూసుకునేవారికి, విధుల్లో ఉన్నవారికి పోలింగ్‌కు ముందు రెండు మూడు రోజులు మండల కార్యాలయంలో ఓటు వేసే వీలివ్వాలి. పోలింగ్ సిబ్బంది కోసం కేంద్ర ఎన్నికల సంఘం ఇలాంటి కేంద్రాలు నడుపుతూనే ఉంది కనుక ఇది కొత్త విద్య కాదు. ఇలా వచ్చిన కాగితాలను, పోస్టల్ కవర్లను పెట్టెలోని కాగితాలతో కలిపాకే లెక్కించాలి. సర్పంచి కాగితాలను అన్ని వార్డులవీ కలిపాకే విడదీయడంలో సడలింపు ఉండకూడదు. బూతుల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. అదే ఆలోచన కాగితానికీ వర్తిస్తుంది. ఫోన్ ఓటును నమూనాలకే ఉంచాలి. ఓటు మార్చుకునే వీలు, తిరిగి లెక్కించగల ఆధారం వచ్చేదాకా నిజమైన ఎన్నికలోకి రానివ్వకూడదు.

పంచాయతీ ఎన్నిక ముగిసిన మర్నాడు గెలిచినవాడూ ఓడినవాడూ ఓటేసినామె కూడా అదే వీధిలో ఉంటారు. రెండు ఓట్లతో ఓడినతను పొద్దున్నే కుళాయి దగ్గర ఆమెకు ఎదురుపడతాడు. తనకు వేసిందో లేదో అతనికి తెలియదు, అడిగినా ఆమె చెప్పనక్కర్లేదు. పలకరించుకుని, బిందె నింపుకుని, ఎవరి పనికి వాళ్లు పోతారు. ఆ పలకరింపు మాసిపోకుండా చూసే పద్ధతే ఊరికి కావాలి.